కమీషన్ కోసం అప్పు చేసినవారికి ‘కొనవద్దు’ అనే మాట నోట రాదు

ప్రశ్న: నేను ఉద్యోగం చేస్తూనే మూడేళ్లుగా ఇంటి సామాను, ఎలక్ట్రానిక్ వస్తువులపై వీడియోలు చేస్తున్నాను. వాటి కింద పెద్ద ఆన్‌లైన్ దుకాణాల లింకులు పెడతాను. ఎవరైనా ఆ లింకు నొక్కి కొంటే నాకు కమీషన్ వస్తుంది. మా ఇంటి నెల ఖర్చు 100 అనుకుంటే, గత ఏడాది కమీషన్ సగటున నెలకు 120 వచ్చింది. ఏడాది మొత్తంలో దాదాపు 40 శాతం రెండు పెద్ద సేల్ నెలల్లోనే వచ్చింది. ఇప్పుడు ఉద్యోగం మానేసి, వ్యక్తిగత రుణం తీసుకుని, కెమెరాకూ ప్రకటనలకూ ఖర్చు పెట్టి, పూర్తిగా ఇందులోకే దిగాలనుకుంటున్నాను. రుణం మంజూరైంది. వాయిదా నెలకు 30 పడుతుంది. ఇప్పటికే ప్రకటనలకు వాడిన క్రెడిట్ కార్డు బకాయి 200 ఉంది. పొదుపు ఒక నెల ఖర్చుకు సరిపోతుంది. ఇంకొక సంగతి మనసును తొలుస్తోంది. కమీషన్ ఎక్కువని ఒక కుర్చీని ‘అన్నింటిలో ఇదే మేలు’ అని చెప్పాను. నేను మాత్రం నడుము నొప్పితో దాన్ని రెండు వారాలకే పక్కన పడేశాను. ఇది తప్పేనా? లింకుకు డబ్బు వస్తుందని చెప్పితీరాలా?

సమాధానం: మీరు రుణం గురించి ఒక ప్రశ్న, నీతి గురించి మరో ప్రశ్న అడిగినట్లు రాశారు. నాకు మాత్రం రెండూ ఒకటే ప్రశ్నగా కనిపిస్తున్నాయి. ఉద్యోగం ఉన్న రోజుల్లోనే, అంటే ఇంటి ఖర్చుకు జీతం ఉండగానే, కమీషన్ ఎక్కువన్న కారణంతో నచ్చని కుర్చీని మెచ్చుకున్నారు. జీతం ఆగిపోయి, ప్రతి నెలా ఐదో తారీఖున వాయిదా కట్టవలసిన స్థితిలో అలాంటి కుర్చీ మళ్లీ మీ ముందుకు వస్తే ఏం చెబుతారో మీరే ఊహించుకోండి. ఇలాంటి ఆదాయం మీద బతకాలనుకునేవారు చాలామంది చేసే పొరపాటు ఇదే కాబట్టి మీ ఉత్తరానికి కాస్త విపులంగా జవాబు రాస్తున్నాను.

ముందుగా మీ లెక్కను మీకే తిరిగి చూపిస్తాను. సగటున నెలకు 120 అంటే ఏడాదికి 1440. అందులో 40 శాతం, అంటే సుమారు 580, రెండు సేల్ నెలల్లో వచ్చింది. మిగిలిన పది నెలలకు 860 మిగిలింది, నెలకు 86. మీ ఇంటి ఖర్చు 100. అంటే ఏడాదిలో పది నెలలు ఈ ఆదాయం ఇల్లు గడపడానికే చాలదు. దాని మీద 30 వాయిదా చేర్చితే నెలకు 130 కావాలి, చేతికి వచ్చేది 86, లోటు 44. సగటు అనే మాట ఈ లోటును మీ కంటికి కనబడకుండా దాచింది. ఇందులో పన్ను ఇంకా తీయలేదు, కార్డు బకాయి మీద నెలనెలా పెరిగే వడ్డీ కలపలేదు, వెనక్కి పంపిన వస్తువులకు ఇచ్చిన కమీషన్‌ను దుకాణం తిరిగి తీసుకుంటుందన్న సంగతీ కలపలేదు. పైగా ఈ డబ్బు అమ్మకం జరిగిన రోజున రాదు. ఉదాహరణకు అమెజాన్ దుకాణం కమీషన్ పథకంలో ఒక నెల సంపాదించిన కమీషన్ ఆ నెల ముగిసిన సుమారు 60 రోజులకు అందుతుంది. మీ వాయిదాకు అలాంటి గడువేమీ ఉండదు.

ఇక ఆ 86 అయినా ఖాయమేనా? అమెజాన్ తన కమీషన్ పథకాన్ని 1996లో మొదలుపెట్టింది. ఈ తరహా పథకాల్లో అతి పాతవాటిలో అదొకటి. అంత పాత పథకంలోనే 2020 ఏప్రిల్‌లో ఫర్నిచర్, ఇంటి మరమ్మతు సామాను వంటి విభాగాల కమీషన్‌ను 8 శాతం నుంచి 3 శాతానికి, కిరాణా సరుకులపై 5 శాతం నుంచి 1 శాతానికి తగ్గించారు. మీరు ప్రధానంగా కుర్చీలు, బల్లలు చూపించేవారైతే, 8 నుంచి 3కు పడిన రోజున మీ 86 కాస్తా 32 అవుతుంది. వీడియోలు అవే, చూసేవారు అంతే, శ్రమ అంతే. అంతకు ముందు 2011 జూన్‌లో, అమ్మకపు పన్నుపై కాలిఫోర్నియా కొత్త చట్టం తెచ్చినప్పుడు, అదే సంస్థ ఆ రాష్ట్రంలో తన లింకులు పెట్టే ‘భాగస్వాములందరి’ ఖాతాలను ఒక్కసారిగా మూసివేసింది. కొన్ని నెలలకు ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి ఖాతాలను మళ్లీ తెరిచారు. ఆ కొన్ని నెలలు వాళ్ల ఇళ్లు ఎలా నడిచి ఉంటాయన్నదే నా ఆలోచనంతా. ఆ చట్టంలో వాళ్ల తప్పు లేదు, వ్యాపారంలోనూ వాళ్ల తప్పు లేదు. అత్యవసర నిధి ఉన్నవారు ఆగి చూసి ఉంటారు. లేనివారు చేతికి అందిన అప్పు చేసి ఉంటారు. పెద్ద దుకాణంతో మీకున్నది ఉద్యోగం కాదు, భాగస్వామ్యం అంతకన్నా కాదు. పేరులో భాగస్వామి అని ఉన్నా, రేటు నిర్ణయించేది, మార్చేది, ఖాతా మూసేది వాళ్లే.

అందుకే జీతగాళ్లకు చెప్పే ఆరు నెలల అత్యవసర నిధి మీకు సరిపోదని నా గట్టి అభిప్రాయం. ఇంటి ఖర్చు పన్నెండు నెలలకు, కమీషన్ చేతికి రావడంలో జాప్యం కారణంగా మరో రెండు నెలలకు, మొత్తం 1400 మీ పేర పక్కన ఉండాలి. అది ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే చోట ఉండాలి. షేర్లలోనో, స్థలంలోనో, కొత్త కెమెరాలోనో కాదు. ఇప్పుడు మీ దగ్గర ఉన్నది 100. కార్డు బకాయి 200 తీర్చి, నిధికి మిగతా 1300 చేర్చాలంటే 1500 కావాలి. ఉద్యోగం మానకుండా, ఇంటిని జీతంతోనే నడుపుతూ, కమీషన్‌లో ఒక్క పైసా ముట్టకుండా పక్కన పెడితే, పన్ను పోగా ఏడాదిన్నర దాకా పట్టవచ్చు. ఏడాదిన్నరా అని మీరు నిట్టూరుస్తారని తెలుసు. మూడేళ్లు ఓపిక పట్టి నిర్మించుకున్నదాన్ని నిలబెట్టుకోవడానికి ఏడాదిన్నర పెద్ద ధర కాదు. ఆ వ్యవధిలో రేటు తగ్గినా, ఖాతా మూతపడినా, జీతం ఉండగానే ఆ దెబ్బ రుచి చూసినవారవుతారు.

రుణం సంగతి దాచకుండా చెబుతాను, నొచ్చుకోకండి. ప్రకటనలకు అప్పు చేయడమంటే, రేటు మరొకరి చేతిలో ఉన్న ఆదాయం కోసం, వడ్డీ ఇంకొకరి చేతిలో ఉన్న డబ్బును ఖర్చు చేయడం. ఎవరు చూస్తారో, చూసినవారిలో ఎవరు కొంటారో, కొన్నవారిలో ఎవరు వెనక్కి పంపుతారో తెలియని వ్యవహారంలో, తెలిసినది వాయిదా ఒక్కటే. పైగా మీరు ఇప్పటికే ఒకసారి ఆ పని చేశారు, దాని ఫలితం కార్డు మీద 200గా కూర్చుని ఉంది. అదే ప్రకటనలు లాభం తెచ్చి ఉంటే ఆ బకాయి ఈపాటికి తీరిపోయి ఉండాలి కదా! ఒక అప్పు నేర్పిన పాఠం వినకుండా రెండో అప్పుకు సంతకం చేయడాన్ని ధైర్యమని ఎవరైనా మెచ్చుకుంటే, వారిని హామీ సంతకం పెట్టమని అడిగి చూడండి.

కుర్చీ విషయానికి వస్తే, అవును, అది తప్పే. కొనేవారికి ధర అదనంగా పడదు కదా అనే సమర్థన ఈ రంగంలో తరచూ వినిపిస్తుంది. ధర పెరగకపోవచ్చు, కానీ మీ మాట నమ్మి నడుముకు సరిపడని కుర్చీ కొన్నవారికి మొత్తం ధరే నష్టం. కమీషన్ తీసుకోవడంలో దోషం లేదు. వస్తువును వాడి చూసి, కష్టపడి వివరించినందుకు అది కూలి. కమీషన్‌ను బట్టి మెప్పు మారడంలోనే దోషం ఉంది. చిత్రమేమిటంటే, నిజం చెబితే మీరనుకుంటున్నంత నష్టం కూడా రాదు. చాలా పెద్ద దుకాణాల పథకాల్లో మీ లింకు నొక్కినవారు ఒక గడువులోగా, అమెజాన్‌లోనైతే సాధారణంగా 24 గంటల్లోగా, ఆ దుకాణంలో వేరే అర్హమైన వస్తువు కొన్నా మీకు కమీషన్ వస్తుంది. ‘ఈ కుర్చీ నాకు పడలేదు, పొడవైనవారు దీని జోలికి పోవద్దు’ అని చెప్పి లింకు ఇచ్చినా, వారు పక్కనున్న మరో కుర్చీ కొనుక్కుంటే మీకు రావలసింది మీకు వస్తుంది. కాస్త తక్కువ రావచ్చు. ఆ ‘కాస్త తక్కువ’ను భరించే శక్తి నిధి ఉన్నవారికే ఉంటుంది; అందుకే నీతి ప్రశ్నకు నేను నిధితో సమాధానం చెబుతున్నాను.

డబ్బు వస్తుందని చెప్పితీరాలా అన్నదానికి జవాబు, చెప్పితీరాలి. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లో తన మార్గదర్శకాలను సవరించి, 2023లో మరోసారి కొత్తగా రాసి, సిఫారసు చేసేవారికీ అమ్మేవారికీ మధ్య ఉన్న డబ్బు సంబంధం చూసేవారి కంటబడి తీరేలా ఉండాలని స్పష్టం చేసింది. ఇతర దేశాల్లోనూ నియమాలు ఇదే దారిలో వచ్చాయి. చాలా దుకాణాలు తమ పథకంలో చేరేటప్పుడే ఈ సంగతి వెల్లడించాలని షరతు పెడతాయి. వీడియో కింద ‘మరింత’ అని నొక్కితే తప్ప కనబడని పదో వరుసలో చిన్న అక్షరాలతో రాయడం చెప్పినట్లు కాదు, నీళ్లు నమలడం. లింకు కన్నా ముందు, మొదటి వాక్యంలో, మామూలు తెలుగులో ‘ఈ లింకు ద్వారా కొంటే నాకు కమీషన్ వస్తుంది’ అని ఉండాలి. వీడియోలో నోటితో కూడా ఒకసారి అనాలి. అంత చెబితే జనం కొనరేమో అని భయమేస్తే, ఆ భయానికి కారణం ఆ మాట కాదు, వస్తువు.

మీరు అడగని సంగతి ఒకటి, కానీ మీ వీడియోల వరుస చూస్తే ఊహించగలను. సేల్ రోజుల్లో ‘ఈ రాత్రితో అయిపోతుంది, వాయిదాల్లో అయినా తీసేసుకోండి’ అనే మాటలు ఈ రంగంలో మామూలైపోయాయి. మీ పాపంలో మీ ప్రేక్షకులను భాగస్వాములను చేయకండి. మీరు అప్పు చేసి ప్రకటన ఇచ్చి, ఆ ప్రకటన చూసినవారు అప్పు చేసి వస్తువు కొంటే, ఆ గొలుసులో వడ్డీ వసూలు చేసుకునేవాళ్లు తప్ప లాభపడేవారెవరూ లేరు. అలాగే లెక్క పెంచుకోవడానికి మీ లింకుతో మీరే కొనడం, ఇంట్లోవాళ్ల చేత కొనిపించడం చాలా పథకాల్లో నిషిద్ధం. ఖాతా పోయే దారుల్లో అదొకటి.

పెద్ద దుకాణాలకు ప్రచారం చేస్తే చిన్న వ్యాపారికి నష్టం కదా అన్న మథనం ఉంటే, మీరు నిజంగా వాడి మెచ్చిన వస్తువు చిన్నవారి దగ్గర ఉన్నప్పుడు కమీషన్ లేకపోయినా ఆ మాటే చెప్పండి, అంతే. ఒకటి కన్నా ఎక్కువ దుకాణాల పథకాల్లో చేరడం మంచిదే. నిధి పూర్తయ్యాక పెట్టుబడుల గురించి రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం. ఉద్యోగం మానేలోపు, సంస్థ ఇచ్చిన ఆరోగ్య బీమా దానితోపాటే పోతుంది కాబట్టి, మీ సొంత పాలసీ తీసుకుని ఉండాలి.

ఈ వారం చేయవలసినవి మూడు పనులు. మంజూరైన రుణం వద్దని రాతపూర్వకంగా తెలియజేయండి. డబ్బు ఖాతాలో పడ్డాక తిరిగి కడితే ఛార్జీలు పడవచ్చు కాబట్టి ఆలస్యం చేయవద్దు. కార్డు మీద కొత్త ప్రకటనలు ఆపి, రాబోయే కమీషన్‌ను కనీస మొత్తానికి కాకుండా బకాయి మొత్తానికి మళ్లించండి. మూడోది, కుర్చీ వీడియో. దాన్ని తీసేయవద్దు, తీసేస్తే అప్పటికే కొన్నవారికి సంగతి తెలియదు. కింద మొదటి వరుసలో ‘రెండు వారాలు వాడాక నాకు నడుము నొప్పి వచ్చింది, ఇప్పుడు దీన్ని వాడటం లేదు’ అని రాసి, అదే మాటను కామెంట్లలో పైన నిలిపి ఉంచండి. వెనక్కి పంపే గడువు ఇంకా మిగిలి ఉన్నవారు కొందరు ఉండవచ్చు. వారు వెనక్కి పంపితే మీ కమీషన్ కొంత తగ్గుతుంది, ఆ మొత్తాన్ని ఈ నెల లెక్కలో ముందే తీసేసుకోండి.