పాఠకుల ప్రశ్నలు: మన్నార్ సింధుశాఖ

ప్రశ్న: జూలైలో రామేశ్వరం వెళ్ళాం. అగ్నితీర్థం దగ్గర సముద్రం చెరువులా ఉంది. ధనుష్కోటిలో దక్షిణం పక్క మాత్రం అలలు విరుచుకుపడుతున్నాయి. ఎప్పుడూ ఇంతేనా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: కాదు, గాలితో పాటు మారుతుంది. ఉత్తరాన ఉన్నది పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. పాంబన్ ద్వీపం, దాని కొస నుంచి శ్రీలంకలోని తలైమన్నార్ దాకా సాగే రామసేతు దిబ్బలు ఈ రెంటినీ విడదీస్తాయి. పాక్ అఖాతం లోతు బాగా తక్కువ. మన్నార్ దక్షిణానికి పోయేకొద్దీ వెయ్యి మీటర్ల లోతు దాటి, నేరుగా హిందూ మహాసముద్రంలో కలుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలికి మన్నార్ రేగుతుంది. నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య గాలికి పాక్ వైపు అలలు లేస్తాయి. ధనుష్కోటి కొసన మాత్రం ఏ కాలంలోనూ స్నానానికి దిగకండి, ప్రవాహాలు లాగేస్తాయి.

ప్రశ్న: మన్నార్ సింధుశాఖలో ఉన్న పగడపు దిబ్బలు మా కాకినాడ తీరంలో ఎందుకు లేవు?
– డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: ముఖ్య కారణం గోదావరే. దిబ్బలు కట్టే పగడపు జీవుల కణజాలంలో సూక్ష్మ శైవలాలు (కంటికి కనపడని నాచు జాతి జీవులు) ఉంటాయి. అవి ఎండతో తయారుచేసే ఆహారమే పగడానికి ప్రధాన ఆధారం. వరద ఒండ్రు నీటిని మసకబారిస్తే వెలుగు అందదు, మంచినీరు ఎక్కువైతే ఉప్పదనం పడిపోతుంది, పైన పేరుకున్న బురద జీవిని ఊపిరాడకుండా చేస్తుంది. మన్నార్‌లో కలిసే వైప్పార్, తామ్రపర్ణి చిన్న నదులు. అందుకే రామేశ్వరం, తూత్తుకుడి మధ్య 21 ద్వీపాల చుట్టూ పగడాలు పెరిగాయి. ఆ ప్రాంతాన్ని 1986లో సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు.

అలాగని అవి క్షేమంగా లేవు. వేసవిలో నీరు వారాల తరబడి 31 డిగ్రీల పైన నిలిస్తే పగడం శైవలాలను బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. తెల్లబడగానే చచ్చినట్టు కాదు. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, ఆలస్యమైతే చచ్చిన కొమ్మల మీద నాచు అల్లుకుపోతుంది. 2010లో, 2016లో ఇలాంటి దెబ్బలు తగిలాయి. అంతకుముందు సున్నం కోసం పగడాలను ఏళ్ళ తరబడి తవ్వారు. అలలకు అడ్డు పోయి ఒడ్డు కోసుకుపోయింది, రెండు ద్వీపాలు నీట మునిగాయి. ఇప్పుడు పగడపు ముక్కలను సిమెంటు పలకలకు కట్టి పెంచుతున్నారు. కట్టు వదులైతే ముక్క అలలకు ఒరుసుకుని చస్తుంది. నాచు గీకకపోతే ఎదగదు.

ప్రశ్న: రామేశ్వరంలో కొన్న తెల్లరాయి పగడమో కాదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: భూతద్దంతో చూడండి. నక్షత్రాల్లాంటి గుంతలు, వాటిలో మధ్యకు చేరే సన్నని గోడలు వరసగా కనిపిస్తే అది పగడమే. దిబ్బలు కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. చచ్చిన ముక్కైనా సరే కొనడం, అమ్మడం, వెంట తీసుకెళ్ళడం నేరమే.