హార్డ్‌టాక్ ఉబ్బడం, బూజు: కారణం, సరిచేసే పద్ధతి

అమెరికా అంతర్యుద్ధం (1861–65) నాటి సైనికుల గట్టి బిస్కెట్లు (హార్డ్‌టాక్) బడి ప్రదర్శనకు చేస్తే పూరీల్లా ఉబ్బి, వారంలో బూజు పట్టాయన్నారు. మీరు వేసిన వెన్న, బేకింగ్ పౌడర్ రెండూ తీసేయండి. అసలు సరుకు పిండి, నీళ్లే; ఉప్పు మీ ఇష్టం.

2 కప్పుల మైదాకు అర కప్పు నీళ్లతో మొదలుపెట్టి, ముద్ద కట్టేంతవరకే చిలకరించండి. చేతికి అంటుకుంటే నీళ్లు ఎక్కువైనట్టే. అర అంగుళం మందాన ఒత్తి, 3 అంగుళాల చదరాలు కోసి, ఒక్కోదానికి 16 చిల్లులు అడుగుదాకా పొడవండి. పైపైన పొడిస్తే ఆవిరి లోపలే ఇరుక్కుని ఉబ్బుతుంది. 190 డిగ్రీల సెల్సియస్‌లో ఒక్కో వైపు 30 నిమిషాలు. తర్వాత 100 డిగ్రీలకు తగ్గించి, ఒకటి విరిస్తే నడిమధ్య కూడా పొడిగా కనిపించేదాకా ఉంచండి. బూజుకు కారణం అక్కడ మిగిలే తడే. పూర్తిగా చల్లారాకే గాలి చొరని డబ్బాలో పెట్టండి.

పిల్లల్ని నేరుగా కొరకనివ్వకండి, పళ్లు విరుగుతాయి! సైనికులు తుపాకీ మడమతో పగలగొట్టి కాఫీలో నానబెట్టేవారు. బిస్కెట్లకు పట్టిన పురుగులు కాఫీ పైకి తేలితే తీసి పారేసి తాగేవారు. చన్నీళ్లలో నానబెట్టి పంది కొవ్వులో వేయించుకోవడమూ ఉండేది. మీరు నూనెలో వేయించి చూపించవచ్చు.