రేడియేషన్ అయిన ఏళ్ల తర్వాత మతిమరుపు, స్కాన్‌లో కొత్త మచ్చ: మా తమ్ముడి విషయంలో తెలిసినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: నాన్నగారికి నాలుగేళ్ల కిందట మెదడులో గడ్డకు ఆపరేషన్ చేసి రేడియేషన్ ఇచ్చారు. మొన్నమొన్నటిదాకా బాగానే ఉన్నారు. ఈ ఆర్నెల్లుగా మతిమరుపు, మాటలు వెతుక్కోవడం, చీటికీమాటికీ కోపం. తాజా ఎమ్మారైలో కొత్త మచ్చ. ఇంతకాలం తర్వాత కూడా రేడియేషన్ ప్రభావం చూపిస్తుందా, లేక గడ్డే తిరిగొచ్చిందా?

చూపిస్తుంది. అందులో అనుమానం లేదు. గడ్డ తిరిగొచ్చిందా లేదా అన్నది మాత్రం ఇక్కడ ఎవరూ చెప్పలేరు. దాన్ని ఎలా తేలుస్తారో, మీరు ఏం అడగాలో చెప్పగలను. నేను డాక్టర్ని కాదు. మా తమ్ముడికి ఎడమ చెవి పైభాగంలో, టెంపొరల్ లోబ్‌లో, గ్రేడ్ 2 గ్లయోమా, అంటే మెల్లగా పెరిగే రకం మెదడు గడ్డ, ఉండేది. ఆపరేషన్ తర్వాత 54 గ్రే (రేడియేషన్ డోసును కొలిచే యూనిట్) రేడియేషన్, 30 సిట్టింగ్స్‌లో ఇచ్చారు. ఐదేళ్లు నిశ్చింతగా గడిచాక మీరు రాసినవన్నీ మా ఇంట్లోనూ మొదలయ్యాయి. "కరెంటు పెట్టించి ఐదేళ్లయింది, ఇంకా దాని మీదకే నెడతారేంటి" అని మా మేనత్త గొడవ. ఆవిడనే అనడం ఎందుకు, చాలామంది అలాగే అనుకుంటారు.

రేడియేషన్ జరిగే రోజుల్లో వచ్చే తలనొప్పి, వాంతులు, జుట్టు రాలడం అందరికీ తెలిసినవే. అయిపోయాక ఒకటి నుంచి ఆరు నెలల లోపు కొందరికి విపరీతమైన నిద్రమత్తు వస్తుంది. స్కాన్‌లో గడ్డ పెరిగినట్టు కనిపించి, దానంతటదే తగ్గిపోవడం కూడా ఈ టైములోనే ఎక్కువ. ఇవి చాలావరకు పోయేవే. ఆర్నెల్లు దాటాక, ఒక్కోసారి పదేళ్లు దాటాక వచ్చేవే మొండివి. గడ్డ చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాల లోపలి పొర, నరాల తీగలకు మైలిన్ తొడుగు వేసే కణాలు రేడియేషన్‌కి దెబ్బతింటాయి. ఆ నష్టం వెంటనే బయటపడదు. నాళాలు మెల్లగా గట్టిపడి పూడుకుపోతున్నకొద్దీ వాటి మీద ఆధారపడ్డ తెల్ల పదార్థం, అంటే మెదడు భాగాలను కలిపే నరాల తీగల మేర, పాడవుతుంది. కొత్త జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌కి డోసు తగిలితే మతిమరుపు ఇంకా ఎక్కువ.

నెదర్లాండ్స్‌లో లో గ్రేడ్ (మెల్లగా పెరిగే) గ్లయోమా రోగులను ఏళ్ల తరబడి గమనించారు. సగటున ఆరేళ్ల తర్వాత చూసి 2002లో ప్రచురించినప్పుడు, ఒక్కో సిట్టింగ్‌లో 2 గ్రే దాటి పడినవాళ్లలోనే జ్ఞాపకశక్తి తేడా కనిపించింది. సగటున పన్నెండేళ్లకు మళ్లీ పరీక్షించి 2009లో రాసినప్పుడు, 2 గ్రే లోపు పడినవాళ్లలో కూడా ఏకాగ్రత తగ్గుతోందని తేలింది. రేడియేషన్ పడనివాళ్లు నిలకడగా ఉన్నారు. అందుకే "మొదట్లో బాగానే ఉన్నాడు కదా" అనే మాటకు ఈ విషయంలో విలువ తక్కువ.

మా వాడిది పెయింట్ షాపు. ఇదివరకు నలభై ఐటమ్స్ బిల్లు నోటితో కూడేసేవాడు. ఇప్పుడు కాలిక్యులేటర్ మీద కొడుతుంటే మధ్యలో ఎవరైనా "ప్రైమర్ ఉందా?" అని అడిగితే చాలు, మళ్లీ మొదటి లైన్ నుంచి. తెలివి ఎక్కడికీ పోలేదు, రంగుల షేడ్ నంబర్లు ఇప్పటికీ కంఠతా చెప్తాడు. కానీ లో వోల్టేజీలో ఫ్యాన్ తిరిగినట్టు ప్రతిదానికీ టైం పడుతుంది. బ్రష్ చేతిలోనే ఉంటుంది, "అదే, అది, రంగు వేసేది" అంటాడు. అల్జీమర్స్ అనగానే మనకు గుర్తొచ్చే మతిమరుపు కాదిది. చెప్పింది వింటాడు, అందిస్తే గుర్తొస్తుంది. డాక్టర్ దగ్గర రెండు నిమిషాలు మాట్లాడితే ఏమీ తెలియదు, అంత మామూలుగా ఉంటాడు. అందుకే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, మాట లాంటివాటిని విడివిడిగా కొలిచే న్యూరోసైకాలజీ టెస్ట్ చేయించమని అడగండి. రెండు మూడు గంటలు పడుతుంది, కానీ ఎక్కడ తగ్గిందో కాగితం మీద కనబడుతుంది. ఏడాది తర్వాత పోల్చుకోవడానికీ అదే ఆధారం.

ఇక స్కాన్ సంగతి. మా వాడికి పాత చోటే ఉంగరంలా మెరిసే మచ్చ కనిపించింది. మొదట చూసిన డాక్టర్ రిపోర్టు చదివి "తిరిగొచ్చింది, మళ్లీ ఓపెన్ చేయాలి" అన్నారు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. మామూలు కాంట్రాస్ట్ ఎమ్మారైలో గడ్డ, రేడియేషన్ వల్ల చచ్చిపోయిన కణజాలం, అంటే నెక్రోసిస్, ఒకేలా కనబడతాయని మాకు తర్వాత తెలిసింది. రెండింటిలోనూ రక్తనాళాల గోడ లీకవుతుంది, కాంట్రాస్ట్ మందు బయటికి వచ్చి మెరుస్తుంది. తేడా తేల్చడానికి పర్ఫ్యూజన్ ఎమ్మారై (రక్తప్రవాహాన్ని చూసేది), స్పెక్ట్రోస్కోపీ (కణజాలంలోని రసాయనాలను చూసేది) చేస్తారు. గడ్డకు రక్తప్రవాహం ఎక్కువగా, నెక్రోసిస్‌కి తక్కువగా ఉంటుంది. గ్లూకోజ్ లాంటి మందు ఎక్కించి చేసే మామూలు ఎఫ్‌డీజీ పెట్ స్కాన్ ఇక్కడ అంత అక్కరకు రాదు, ఎందుకంటే మెదడు ఎలాగూ గ్లూకోజ్‌ని బాగా లాగేసుకుంటుంది. డోపా పెట్ లాంటి అమైనో ఆమ్లం పెట్ మెరుగు. ఇన్ని చేసినా తేలకపోతే బయాప్సీయే, అంటే చిన్న ముక్క తీసి పరీక్షించడమే. అందులోనూ కొన్నిసార్లు రెండూ కలగలిసి ఉంటాయి.

ఈ దశలో పనికొచ్చే కాగితం పాత ఆస్పత్రిలో ఉంటుంది. డిశ్చార్జ్ సమ్మరీతో సరిపెట్టుకోకుండా రేడియేషన్ ట్రీట్‌మెంట్ సమ్మరీ, వీలైతే సీడీలో డోస్ ప్లాన్ కూడా అడిగి తీసుకోండి. మొత్తం ఎన్ని గ్రే, ఎన్ని సిట్టింగ్స్, ఏ చోట ఎంత పడిందో అందులో ఉంటుంది. కొత్త మచ్చ ఎక్కువ డోసు పడిన చోటికి బయట ఉంటే నెక్రోసిస్ అనుకోవడం కష్టం. లోపల ఉంటే మాత్రం రెండిటికీ అవకాశం ఉంది, గడ్డలు కూడా ఎక్కువగా అక్కడే తిరిగొస్తాయి. న్యూరోసర్జన్, రేడియేషన్ డాక్టర్, న్యూరో రేడియాలజిస్ట్ ముగ్గురూ కలిసి చూసే ట్యూమర్ బోర్డు ఉన్న చోట రెండో అభిప్రాయం తీసుకోకుండా ఆపరేషన్‌కి సంతకం పెట్టొద్దు. స్పృహ తగ్గడం, లోపల వాపు బాగా ఉండటం లాంటి ఎమర్జెన్సీ అయితే అది వేరే మాట.

మా వాడి పర్ఫ్యూజన్ తక్కువ చూపించింది. డెక్సామెథాసోన్ మొదలుపెట్టి, రెండు నెలలకు మళ్లీ స్కాన్ చేస్తే మచ్చ చిన్నదైంది. స్టెరాయిడ్ మందు పనిచేసింది గానీ ఇంట్లో మనశ్శాంతి లేకుండా చేసింది. షుగర్ పెరిగింది, ముఖం ఉబ్బింది, అర్ధరాత్రి ఆకలి, నిద్ర సున్నా. కొన్ని వారాలకు కింద కూర్చుంటే లేవలేకపోయాడు. మెదడు జబ్బు ముదిరిందని అందరం హడలిపోయాం. స్టెరాయిడ్ వల్ల తొడ కండరాలు బలహీనపడ్డాయట, డోసు తగ్గించాక సర్దుకుంది. స్టెరాయిడ్‌కి లొంగకపోతే బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. 2011లో వచ్చిన ఒక ట్రయల్‌లో 14 మందే ఉన్నారు గానీ, మందు పడిన అందరికీ స్కాన్ మెరుగైంది, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్) వాళ్లలో ఎవరికీ కాలేదు. ఖరీదైనది, రక్తస్రావం, నాళాల్లో రక్తం గడ్డకట్టడం లాంటి రిస్కులున్నాయి, బీమా ఒప్పుకుంటుందో లేదో ముందే కనుక్కోండి.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్న విషయం. రేడియేషన్ వల్ల అని తేలగానే "ఇక చేసేదేం లేదు" అని చేతులెత్తేయకండి. మతిమరుపు, నీరసం, కోపం, ఈ మూటలో నయమయ్యేవి కొన్ని కలిసే ఉంటాయి. మా వాడి విషయంలో అలాంటివి రెండు దొరికాయి.

ఒకటి హార్మోన్లు. మెదడు అడుగున ఉండి మిగతా హార్మోన్ గ్రంథులను నడిపే పిట్యూటరీ గ్రంథికి డోసు తగిలితే ఏళ్ల తర్వాత అది మందగిస్తుంది. బయట ల్యాబ్‌లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని నడిపే పిట్యూటరీ హార్మోన్) ఒక్కటే చేయిస్తే నార్మల్ అని రావచ్చు, ఎందుకంటే లోపం థైరాయిడ్‌లో కాదు, దాన్ని నడిపే పిట్యూటరీలో ఉంది. ఫ్రీ టీ4, అంటే థైరాయిడ్ హార్మోనే, కూడా చూడాలి. ఉదయం ఎనిమిది గంటల కార్టిసాల్ (శరీరం సొంతంగా తయారుచేసే స్టెరాయిడ్ హార్మోన్), మగవాళ్లకు టెస్టోస్టిరాన్ కూడా. స్టెరాయిడ్ వాడుతుంటే కార్టిసాల్ రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది, ఆ సంగతి ఎండోక్రైనాలజిస్ట్‌కి (హార్మోన్ల డాక్టర్‌కి) ముందే చెప్పండి. కార్టిసాల్ తక్కువుంటే ముందు దాన్ని సరిచేసి, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాలి. మా వాడికి ఫ్రీ టీ4 తక్కువ వచ్చింది. మాత్ర మొదలయ్యాక మధ్యాహ్నం రెండింటికల్లా పడుకుండిపోయే మనిషి సాయంత్రం దాకా షాపులో కూర్చోగలుగుతున్నాడు.

రెండోది ఫిట్స్ మాత్ర. లెవెటిరాసెటామ్ కొందరికి విపరీతమైన కోపం తెప్పిస్తుంది. మా మరదలు దాన్ని స్వభావం మారడం అనుకుని లోలోపల కుమిలిపోయింది. డాక్టర్ మందు మార్చాక ఆ కోపం చాలావరకు పోయింది. మీరే సొంతంగా ఆపొద్దు, ఫిట్స్ వస్తాయి. డిప్రెషన్, నిద్రలో గురక, బీపీ, షుగర్, బీ12 కూడా చూపించండి. జ్ఞాపకశక్తికి సరస్వతి ఆకు పొడి అంటూ చుట్టాలు తెచ్చిస్తారు. ఫిట్స్ మందులతో కలిపి డాక్టర్‌కి చెప్పకుండా ఇవ్వకండి.

పోయిన వేగం మొత్తం తిరిగి రాలేదు. దాని చుట్టూ మేమే సర్దుకున్నాం. ఒకసారికి ఒకే పని చెప్తాం. టీవీ నడుస్తుంటే ముఖ్యమైనవి మాట్లాడం. డబ్బు విషయం మాత్రం ముందే చూసుకోండి: మా వాడు ఒకే డీలర్‌కి ఒకే బిల్లు ఫోన్‌లో రెండుసార్లు కట్టేశాడు. వాళ్లు మంచోళ్లు కాబట్టి తిరిగిచ్చారు. ఇప్పుడు యూపీఐ లిమిట్ తగ్గించి, పెద్ద మొత్తాలు మరదలు చూస్తోంది. అతనితో కూర్చుని మాట్లాడి, ఒప్పించే చేశాం, లాక్కుంటే గొడవయ్యేది. ఫిట్స్ ఉన్నంతకాలం బండి ఇవ్వకండి.

రేడియేషన్ ఇంకా మొదలుకాని వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: మెదడు మొత్తానికి ఇవ్వాల్సి వస్తే, హిప్పోకాంపస్‌ని తప్పించి ఇవ్వడం కుదురుతుందా, మెమాంటిన్ మాత్ర ఇస్తారా అని అడగండి. రెండూ ట్రయల్స్‌లో జ్ఞాపకశక్తి నష్టాన్ని కొంత తగ్గించాయి. అందరికీ కుదరకపోవచ్చు.

నాన్నగారికి ఎప్పుడైనా హఠాత్తుగా మాట పడిపోయినా, ఒక పక్క చేయీ కాలూ పట్టు తప్పినా, ఇది పాతదే అని ఇంట్లో కూర్చోవద్దు. రేడియేషన్ అయిన ఏళ్ల తర్వాత తలనొప్పితో పాటు పక్షవాతంలా వచ్చి, వారాల్లో తగ్గిపోయే స్మార్ట్ సిండ్రోమ్ అని ఒకటుంది. కానీ నిజమైన స్ట్రోక్ రిస్క్ కూడా వీళ్లలో ఎక్కువే, రెండింటికీ తేడా ఇంట్లో తెలియదు. వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్లి, రేడియేషన్ ఎప్పుడు, ఎక్కడ పడిందో, ఇప్పుడు స్టెరాయిడ్ ఎంత వాడుతున్నారో మొదటే చెప్పండి. మేము ఆ వివరాలన్నీ ఒక కాగితం మీద రాసి, లామినేషన్ చేయించి మా వాడి పర్సులో పెట్టాం.