ఉద్యోగం మానకుండా దోసె పిండి వ్యాపారం

"ఉద్యోగం చేస్తూనే చిన్న వ్యాపారం పెట్టాలంటే ఎంత పెట్టుబడి కావాలి?" అని అడిగారు. పెట్టుబడి సంగతి తర్వాత. రాత్రి కరెంటు పోతే మీ సరుకు ఏమవుతుందో ముందు చూసుకోండి.

నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. కాపురం ఒంగోల్లో. మూడేళ్ల కిందట నేనూ మా ఆవిడా దోసె పిండి ప్యాకెట్లు మొదలుపెట్టాం. సాయంత్రం ఏడున్నరకు ఇల్లు చేరి గ్రైండర్ వేస్తే పదకొండుకు పని తెములుతుంది. తెల్లారి ఐదు నుంచి కొట్లకు వేసి, ఏడున్నరకు కర్నూలు రోడ్డులో బస్సెక్కాలి.

రోహిణీ కార్తెలో ఒక రాత్రి మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ పేలింది. ఒంగోలు ఉక్క ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ముప్పై కిలోల పిండి ఫ్రిజ్‌లోనే పొంగి, ప్యాకెట్లు బంతుల్లా ఉబ్బాయి. ఏం కాదులే అని బండి మీద క్రేట్ కట్టుకుని బయల్దేరాను. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే టప్పుమని ఒకటి పగిలింది. పిండి జారి సైలెన్సర్ మీద పడి, చుయ్యిమని అక్కడికక్కడే అట్టు కాలింది. వాసన మాత్రం బ్రహ్మాండం! సరిగ్గా అప్పుడే మేనేజర్ ఫోన్, స్టాక్ లెక్కలున్నాయి, పెందలాడే రమ్మని.

కొట్లవాళ్లు ఒక్కరూ తీసుకోలేదు. చివరికి టిఫిన్ బండి పిన్ని, "ఏందబ్బాయ్, పులిసిన పిండి పారబోస్తారా ఎవరన్నా? సాయంత్రం పునుగులేస్తా, ఇట్టియ్యి" అని మొత్తం సగం ధరకు తీసుకుంది. ఇప్పటికీ మిగిలిందంతా ఆమెకే. ఈ ఉపాయం ఏ యూట్యూబ్ గురువూ చెప్పలేదు. ఉద్యోగం బానిసత్వమని వాళ్లు కోర్సులు అమ్ముకుంటారు గానీ, జీతమే లేకపోతే ఆ నెల నా గ్రైండర్ ఈఎంఐ ఎవరు కట్టేవారు?

అడిగారు కాబట్టి చెప్తా. గ్రైండర్, పాత ఫ్రిజ్, సీలింగ్ మిషన్ అన్నీ కలిపి నాకు అరవై వేల లోపే అయింది. తినే సరుకు అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలి, నేను తీసుకున్నప్పుడు ఏడాదికి 100 రూపాయలు, టర్నోవర్ 12 లక్షలు దాటనివాళ్లకు. మీది ప్రభుత్వోద్యోగమైతే 1964 నాటి ప్రవర్తనా నియమాలు చూసుకోండి, అనుమతి లేకుండా వ్యాపారం కుదరదు. ప్రైవేటైతే అపాయింట్‌మెంట్ లెటర్ ఒకసారి తీసి చదవండి.

అసలు ముంచేది అరువు. మనకు ఉద్యోగం ఉందని తెలిసిందా, ఇక ఒక్కడూ టైముకు డబ్బివ్వడు. "జీతం వస్తుందిగా, నీకేం తొందర?" అంటారు. అందుకే మెడలోని ఐడీ కార్డు జేబులో దాచి మరీ కొట్లకు పిండి వేస్తున్నా. మా బావమరిది బాకీ మాత్రం ఏడాదిగా ఖాతాలోనే ఉంది. వాడికి నా జీతం ఎంతో తెలుసు.