కంద వేస్తానన్నావుగా, చిన్నా

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

పెరట్లో కంద వేస్తానని మొన్న ఫోన్‌లో అన్నావు. మీ నాన్నగారికి మొలల బాధ కదా, ఇంట్లోనే పండించి వండి పెట్టాలని నీ ఉద్దేశం. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు విత్తనం. గజేంద్ర రకం అడిగి తీసుకో. మన గోదావరి ఒడ్డున కొవ్వూరు పరిశోధన స్థానం ఇచ్చిన రకం అది. దుంప నున్నగా ఉంటుంది, ఒంటినిండా పిలకలుండవు, దురద బాగా తక్కువ. మా చిన్నప్పటి నాటు కందకి చుట్టూ పిలకలే. రుచిలో దానిదే పైచేయి అంటాను గానీ, దాంతో వేగడం నీ వల్ల కాదు.

దుంప పైన మధ్యలో చిన్న గుంట, అందులో మొగ్గ కనిపిస్తుంది. పుచ్చకాయ కోసినట్టు నిలువుగా కోయి. ప్రతి ముక్కకీ ఆ మొగ్గలో కొంచెం రావాలి, ముక్క అరకిలో దాకా ఉండాలి. చిక్కటి పేడనీళ్లలో ముంచి, నీడలో ఆరబెట్టి, మే నెలాఖరులోనో జూన్‌లోనో నాటు. అడుగున్నర గొయ్యి తీసి, బాగా చివికిన పశువుల ఎరువు మట్టిలో కలిపి పొయ్యి. గొయ్యికీ గొయ్యికీ రెండున్నర అడుగులు వదిలి, పైన ఎండుటాకులు కప్పు. నెల దాటినా మొలక రాలేదని టెన్షన్ పడి తవ్వి చూడకు, కందకి నిద్ర ఎక్కువ. ఒక్కోసారి ఆకు బదులు ముదురు ఎరుపు పువ్వు వస్తుంది. ఎలుక చచ్చిందేమోనని ఇల్లంతా వెతుకుతారు, ఆ కంపు దానిదే!

నీళ్లు పెట్టు కానీ నిలవనివ్వకు. ఒక ఏడు నేను కాలవ పక్క పల్లంలో వేశాను. అక్టోబర్ తుపానుకి మూడు రోజులు నీళ్లు నిలిచాయి. కాడలు మొదట్లో మెత్తబడి ఒక్కొక్కటే ఒరిగిపోయాయి. తవ్వితే సగం దుంపలు కుళ్లు. అప్పట్నుంచి మెరకలోనే వేస్తున్నాను. ఆకు పసుపు తిరిగి కాడ దానంతటదే పడిపోయేదాకా ఆగు. ఏడెనిమిది నెలలు పడుతుంది. పచ్చి కాడ మీద తవ్వితే దుంప ఊరదు, దురదా ఎక్కువే.

ఇక అసలు సంగతి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నవాడు జన్మలో కంద తరిగి ఉండడు. కందలో కంటికి కనబడని సన్నటి సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి, అవి గుచ్చుకునే చెయ్యైనా గొంతైనా దురద పెడుతుంది. తవ్వి తెచ్చాక రెండు మూడు వారాలు గాలి తగిలే చోట ఉంచి వండుకో. చేతులు పొడిగా ఉంచుకుని, నూనె రాసుకుని తరుగు. తడి చేత్తో ముట్టుకున్నావో, ఆ రోజంతా గోక్కోవడమే. అలా అయితే చింతపండు గుజ్జు రుద్దుకో.

ముక్కలు కడిగి, పసుపు, చింతపండు వేసి మెత్తగా ఉడికించి, ఆ నీళ్లు పారబొయ్యి. పులుపు తగ్గించకు, మీ ఆవిడ వద్దన్నా సరే. విడిగా ఉడికించిన బచ్చలాకు కలిపి, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టు. ఆవ మాత్రం దించాక, వేడి తగ్గాకే కలుపు. పొయ్యి మీదుండగా వేస్తే చేదెక్కుతుంది. మా వైపు పెళ్లిళ్లలో కంద బచ్చలి కూర తిని ఆకు మడవనివాళ్లుండరు.

మీ నాన్నగారి సంగతి. ఆయుర్వేదంలో దీన్ని సూరణం అంటారు, అర్శోఘ్నం అని ఇంకో పేరు. మొలల్ని పోగొట్టేదని అర్థం. అయినా నేను మందనను. పీచు ఉంది కాబట్టి విరేచనం సాఫీ అవుతుంది, ఆ మేరకు హాయి. వారానికి రెండుసార్లు కూరగా పెట్టు, మజ్జిగ ఎక్కువ తాగించు. పచ్చి కంద రసం, పొడి అని ఎవరైనా చెబితే వినకు, గొంతు వాచిపోతుంది. రక్తం పడుతుంటే మాత్రం కంద పండేదాకా ఆగకు, వెంటనే డాక్టరుకి చూపించు. ఆయనకి ఎప్పుడైనా కిడ్నీలో రాళ్లున్నాయన్నారా? అడిగి చెప్పు. కందలోని ఆ సూదులు ఆక్సలేటు అనే లవణానివే, కిడ్నీ రాళ్లలో ఎక్కువగా ఉండేదీ అదే, అందుకే రాళ్లున్నవాళ్లకి కంద పడదు. షుగరుంటే కూర తిన్న పూట అన్నం తగ్గించమను, ఇదీ పిండి పదార్థమే.

వచ్చే వారం మీ బావ హైదరాబాద్ వస్తున్నాడు, రెండు విత్తనం దుంపలు గోనెసంచిలో కట్టి పంపుతాను. ఫ్రిజ్‌లో పెట్టకు, మంచం కింద పడేయి చాలు.

ఇట్లు,
మీ పెద్దమ్మ