అమ్మకి ఫుట్ మసాజర్ కొనేముందు ఆవిడ కాలివేళ్లు ముట్టి చూడండి

"మా అమ్మకి 62 ఏళ్లు, 12 ఏళ్లుగా షుగర్. సాయంత్రమయ్యేసరికి కాళ్లు లాగేస్తున్నాయంటోంది. 15 వేల లోపు మంచి ఫుట్ మసాజర్ చెప్పండి" అని అడిగారు. మోడల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆవిడ పాదాలకి స్పర్శ ఎంత ఉందో తెలియాలి. ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో తేల్చేది అదే, మోటారు వాట్లు కాదు.

ఇది ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆవిణ్ణి పడుకుని కళ్లు మూసుకోమనండి. మీ చూపుడువేలి కొసని ఆవిడ కాలివేలి చివర ఒకటి రెండు సెకన్లు తేలిగ్గా ఆనించండి. రెండు కాళ్లకీ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, మొత్తం 6 చోట్లు. వరసగా కాకుండా అటూ ఇటూ మార్చి ముట్టుకుంటూ, తగిలినప్పుడల్లా కుడో ఎడమో చెప్పమనండి. నొక్కకూడదు, గీరకూడదు. చెప్పలేకపోతే అదే వేలు రెండోసారి ముట్టకూడదు. 6లో 2 కానీ అంతకంటే ఎక్కువ కానీ తెలియలేదంటే స్పర్శ తగ్గినట్టే లెక్క. ఇక మసాజర్ వెతకడం ఆపి, డాక్టరుకి పాదాలు చూపించండి.

ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం ఈ మసాజర్లలో ఉండే వేడి బటన్. కాలడం ఎలా జరుగుతుందో చూడండి. రాత్రి భోజనాలయ్యాక పెద్దావిడ టీవీ ముందు కూర్చుని మిషన్‌లో కాళ్లు పెడతారు. కొన్ని మిషన్లలో స్టార్ట్ నొక్కగానే వేడి కూడా దానంతటదే ఆన్ అవుతుంది. 15 నిమిషాలకి ఆగిపోతుంది. సీరియల్ ఇంకా అవలేదు, మళ్లీ నొక్కుతారు. మిషన్ లోపల గాలి నిండి బిగిసే సంచులు పాదాన్ని కదలకుండా పట్టుకుంటాయి కాబట్టి వేడి ఒకే చోట తగులుతూ ఉంటుంది. స్పర్శ ఉన్న మనిషైతే చురుక్కుమనగానే కాలు లాగేసుకుంటుంది. స్పర్శ లేని కాలికి ఏమీ తెలియదు. పొద్దున స్నానాల గదిలోంచి వస్తుంటే నేల మీద తడి మరక పడుతుంది, చూస్తే అరికాలి వంపులో బొబ్బ చితికి ఉంటుంది. షుగర్ ఉన్న కాలికి అది పుండయితే మానడానికి వారాలు పడుతుంది, చీము పడితే ఆసుపత్రే. అందుకే స్పర్శ బాగున్నా సరే, వేడిని విడిగా ఆపుకునే బటన్ ఉన్నదే కొనండి, ఆపే వాడండి. వాడిన ప్రతిసారీ పాదాలు, వేళ్ల సందులు వెలుతురులో చూడాలి.

స్పర్శ సరిగ్గా ఉంటే, ఇక ఎంపిక. కాళ్లు లాగుతున్నాయంటే చాలామందికి లాగేది పిక్కలే. అరికాలి మిషన్‌తో ఆ లాగుడు తీరదు, పిక్కల దాకా పట్టేది కావాలి. అవి 10 కిలోల దాకా బరువుంటాయి, ఆవిడ ఎత్తి జరపలేరు. ఒక చోట స్థిరంగా పెట్టండి. కాళ్లు పెట్టే చోటు లోపలి పొడవు సెంటీమీటర్లలో చూసి పాదం కొలతతో పోల్చుకోండి. మడమ బయటికొస్తే రోలర్ తప్పుడు చోట ఎముకని నొక్కుతుంది. లోపలి గుడ్డ జిప్ తీసి ఉతికేలా ఉండాలి. ముందు పాడయ్యేది ఆ గుడ్డే. చిరిగాక రోలర్ నేరుగా చర్మానికి రాసుకుంటుంది. నూనె, బామ్ రాసుకుని కాళ్లు పెట్టకూడదు.

మన ఆడవాళ్ల విషయంలో ఏ అమ్మకందారూ చెప్పనిది ఇంకోటుంది. పట్టీలు తీసేస్తారు, మెట్టెలు తీయరు. గాలి సంచి బిగిసినప్పుడు మెట్టె పక్కవేలిని ఒత్తుకుని చర్మం లేస్తుంది. మందపాటి కాటన్ సాక్సు వేసుకోవడం తప్పనిసరి. అరికాల్లో ఫలానా పాయింటు నొక్కితే కిడ్నీ శుభ్రమవుతుందని అట్టపెట్టె మీద బొమ్మలు వేసి అమ్ముతారు, ఆ మాట నమ్మి ఎక్కువ ధర పెట్టకండి.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపుతామంటే లేబుల్ ఫొటో అడగండి. 100–240 వోల్టులు అని ఉంటే ప్లగ్గు మారిస్తే చాలు. 120 వోల్టులే ఉంటే మన 230లో పెట్టగానే కాలిపోతుంది. మిషన్ వాట్లకి మించిన సామర్థ్యమున్న, వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆ ఖర్చు, బరువు కలుపుకుంటే ఇక్కడ కొనడమే మేలు.

కొన్ని కాళ్లకి మిషన్ పెట్టనేకూడదు. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా వేడిగా ఉంటే రక్తం గడ్డ కావచ్చు, నొక్కకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంటే రక్తనాళం సన్నబడిందేమో చూపించుకోవాలి. రెండు చీలమండలూ వాచి, ఆవిడ బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటుంటే వాపు ఆ మాత్రదే కావచ్చు. మీరే ఆపేయకండి, డాక్టరుని అడిగితే మందు మారుస్తారు. మిషన్ కొనకుండానే తీరిపోయే బాధ కూడా అయ్యుండొచ్చు.

కొన్నాక వచ్చిన రోజే గాలి సంచులు రెండు వైపులా ఒకేలా బిగుస్తున్నాయో లేదో చూడండి. ఒకవైపు వదులుగా ఉండి బుస్సుమంటుంటే గొట్టం ఊడినట్టు. వాపసు గడువు దాటేదాకా అట్టపెట్టె, థర్మోకోల్ దాచిపెట్టండి.