దవడ లాక్ అవుతుందట కదా డాక్టరుగారూ!

పెంపుడు జంతువుల గురించి పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుడి జవాబులు

ప్రశ్న: మా తమ్ముడు ముచ్చటపడి పిట్‌బుల్ జాతి కుక్కపిల్లను కొన్నాడు. ఉద్యోగం బెంగళూరుకి మారడంతో దాన్ని మా ఇంట్లో వదిలి వెళ్లాడు. ఇప్పుడు దానికి పది నెలలు, మా పాపకి నాలుగేళ్లు. ఇంతవరకు ఎవరినీ ఏమీ అనలేదు, పాప వెనకాలే తిరుగుతుంది. మా అత్తగారికి మాత్రం ఒకటే టెన్షన్. దాని దవడ ఒకసారి పట్టిందంటే లాక్ అయిపోతుందని, వయసొచ్చాక మెదడు పెరిగి పుర్రెలో పట్టక పిచ్చెక్కుతుందని ఎవరో చెప్పారట. తమ్ముడేమో అది పిల్లల్ని ఆయాలా చూసుకునే జాతి అంటాడు. ఎవరి మాట వినాలి?
- ఓ పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ఇద్దరి మాటా వినొద్దు. కాకపోతే మీ అత్తగారు చెప్పే కారణాలు తప్పైనా ఆవిడ జాగ్రత్త తప్పు కాదు, మీ తమ్ముడి ధీమాతోనే అసలు ప్రమాదం.

దవడ సంగతి ముందు చెబుతాను. ఏ కుక్క దవడలోనూ తాళంలా పడిపోయే ఎముకగానీ కీలుగానీ లేదు. పళ్లు శుభ్రం చేయడానికి మత్తిచ్చి పడుకోబెట్టినప్పుడు పిట్‌బుల్ నోరు కూడా ల్యాబ్రడార్ నోరు తెరిచినంత తేలిగ్గానే తెరుస్తాను. దాని పట్టు వేల పౌండ్లని చెప్పుకుంటారు గానీ నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్లు ఒక టీవీ కార్యక్రమం కోసం కొలిస్తే పిట్‌బుల్‌కి 235 పౌండ్లు, జర్మన్ షెపర్డ్‌కి 238, రాట్‌వైలర్‌కి 328 వచ్చాయి. జాతికి ఒక కుక్కనే కొలిచారు కాబట్టి ఇదే తుది లెక్క అనను, కానీ ఆ వేల పౌండ్ల మాటకి ఈమాత్రం ఆధారం కూడా లేదు.

మరి ఆ మాట ఎలా పుట్టింది? వీటి పూర్వీకుల్ని ఇంగ్లండ్‌లో కట్టేసిన ఎద్దుల మీదికి ఉసిగొల్పేవారు, బుల్ అనే పేరు అలా వచ్చింది. 1835లో చట్టం చేసి ఆ క్రూరమైన వినోదాన్ని ఆపేశారు. ఆ తర్వాత టెర్రియర్లతో సంకరం చేసి, గొయ్యి లాంటి బరిలో కుక్కకీ కుక్కకీ పందేలు పెట్టారు, ఆ గొయ్యే పిట్. తరాల తరబడి పట్టు వదలని కుక్కనే ఎంచుకుని పిల్లల్ని తీశారు. అందుకే ఇది కరిచి వదిలేయదు, పట్టుకుని విదిలిస్తుంది. ఎముకలో తాళం లేదు, ఉన్నదల్లా మొండితనం. దెబ్బ తగిలేవాడికి ఆ తేడాతో పనేముంది, గాయం లోతుగానే పడుతుంది.

మెదడు పెరిగే కథ నేను చదువుకునే రోజుల్లో డాబర్‌మ్యాన్ మీద చెప్పేవారు, ఇప్పుడు పిట్‌బుల్‌కి అంటించారు. అలాంటి జబ్బే లేదు. నిజంగా జరిగేది వేరే. ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య కుక్కకి పెద్దరికం వస్తుంది, అప్పటిదాకా పార్కులో అన్నిటితో ఆడిన పిట్‌బుల్ ఆ వయసులో ఇంకో కుక్క కనబడితే మీద పడొచ్చు, మీవాడు ఇప్పుడు ఆ వయసుకే వస్తున్నాడు. సాధుకుక్క ఉన్నట్టుండి మనుషుల మీదికి వస్తే మాత్రం చెవినొప్పో, పంటినొప్పో, కీళ్లనొప్పో ఉందేమో ముందు చూపించండి.

ఇక ఆయా మాట. ఆ పేరుతో ఒక జాతిని ఎవరూ తయారు చేయలేదు, చరిత్రలో దానికి ఆధారమే లేదు. 2022 జులైలో లఖ్‌నవూలో 82 ఏళ్ల పెద్దావిడ చనిపోయింది వీధికుక్క కరిచి కాదు, ఇంట్లో పెంచుకున్న పిట్‌బుల్ దాడిలోనే. పాప దాని మెడ చుట్టూ చేతులేసినప్పుడు మీరు పాపని కాదు, కుక్క మొహం చూడండి. నోరు తెరుచుకుని నాలుక వదులుగా వేలాడుతుంటే సరే. నోరు టక్కున మూసి, ఒళ్లు బిగబట్టి, తల అటు తిప్పుకుని, కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనిపించిందంటే అది ఇక చాలు అంటోందని అర్థం, తోక ఊగుతున్నా సరే. వెంటనే పాపని పిలవండి, కుక్కని కసరకండి. గుర్రుమన్నందుకు కొడితే గుర్రుమనడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది.

పాపని, దాన్ని ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. స్నానానికి వెళ్తే మధ్యలో గేటు పడాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి, బయటికి తీసుకెళ్లేటప్పుడు గాలి ఆడే బుట్టలాంటి మూతితొడుగు (మజిల్) అలవాటు చేయండి. ఇదంతా మీవల్ల కాదనుకుంటే, చిన్నపిల్లలు లేని, కుక్కల్ని పెంచి అలవాటున్న ఇంటికి ఇవ్వండి, ఎవరు కొంటే వాళ్లకి అమ్మేయకండి. మీ తమ్ముడు బాధపడతాడు నిజమే, కానీ పెంచుతున్నది మీరు.

ప్రశ్న: మా చేపల చెరువు దగ్గర కాపలాకి అమెరికన్ బుల్లీని తేవాలనుకుంటున్నాను. చెవులు కోయించి, పచ్చిమాంసం పెట్టి, ఎప్పుడూ గొలుసుతో కట్టేసి ఉంచితే కసిగా తయారవుతుందంటున్నారు, నిజమేనా?
- ఓ యువరైతు, భీమవరం

జవాబు: తమ్ముడూ, దయచేసి తేవద్దు. బుల్లీ కూడా పిట్‌బుల్ నుంచి వచ్చిన రకమే. పందేల బరిలో కుక్కల్ని విడదీయడానికి మనుషులు మధ్యలో చెయ్యి పెట్టేవాళ్లు కాబట్టి, మనిషిని కరిచే కుక్కని ఆ రోజుల్లో పక్కన పెట్టేసేవారని చెబుతారు. అందుకే సరిగ్గా పెరిగిన బుల్లీ కొత్తమనిషిని చూసి తోకాడిస్తూ ఎదురెళ్తుంది, దొంగకైనా అంతే. పైగా పొట్టిమూతి, బరువైన ఒళ్లు. మే నెల ఎండకి చెరువుగట్టు మీద వడదెబ్బ తగిలి ప్రాణమే పోవచ్చు. కాపలాకి ఊళ్లో పుట్టిన రెండు నాటుకుక్కలు చాలు, ఎండకి తట్టుకుంటాయి, చీమ చిటుక్కుమన్నా మొరుగుతాయి.

పచ్చిమాంసంతో కసి రాదు, నట్టలొస్తాయి. గొలుసుతో మాత్రం నిజంగానే చెడుతుంది, కానీ నువ్వనుకునేలా కాదు. పారిపోయే దారి లేని కుక్క భయంతో ఎవరు దగ్గరికొచ్చినా కరుస్తుంది, అన్నం పెట్టేవాడినీ వదలదు.

చెవుల సంగతి రాయకుండా ఉండలేను. పోయినేడాది నా బల్ల మీదికి మూడు నెలల పిల్ల వచ్చింది. ఎవరో మత్తు లేకుండా బ్లేడుతో రెండు చెవులూ కోసి పసుపు అద్దారు, అంచులు కుళ్లి ఈగలు ముసిరాయి. పురుగులు ఏరుతుంటే అది నా చెయ్యి నాకింది. పదిహేను రోజులు కట్టు కట్టాం. భయంకరంగా కనిపించడం కోసం దానికంత నరకం పెట్టారు, అది చట్టం దృష్టిలో కూడా క్రూరత్వమే.

ప్రశ్న: పిట్‌బుల్స్‌ని కేంద్రం నిషేధించింది కదా? మా అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లోర్ వాళ్లు పెంచుతున్నారు. లిఫ్టులో ఎదురైతే ప్రాణం పోయినంత పనవుతోంది.
- ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపమని రాష్ట్రాలకి లేఖ రాసింది. సంబంధించిన వాళ్ల మాట వినకుండా ఇచ్చారంటూ ఏప్రిల్‌లో కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు దాన్ని కొట్టేశాయి. కాబట్టి ఆ లేఖని చూపించి వాళ్లని కుక్కని తీసెయ్యమనలేరు. కానీ ఏ జాతి కుక్కనైనా అజాగ్రత్తగా వదిలి మనుషులకి ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మెడకి తాడు (లీష్), మజిల్ లేకుండా లిఫ్టులోకి తేవద్దని అసోసియేషన్ ద్వారా రాతపూర్వకంగా అడగండి. అది పిట్‌బుల్ కాదు, వేరే జాతి అని వాళ్లు వాదిస్తే ఆ గొడవలోకి దిగొద్దు. అమెరికాలో షెల్టర్లలో పనిచేసేవాళ్లే 120 కుక్కల్లో 62ని పిట్‌బుల్ రకమంటే, డీఎన్ఏ పరీక్షలో తేలినవి 25. మీకు కావాల్సింది లీష్, మజిల్.

లిఫ్టులో కుక్క ఉంటే దాని కళ్లలోకి చూడకుండా పక్కకి జరిగి తర్వాతి లిఫ్టు ఎక్కండి, పరిగెత్తొద్దు. ఎప్పుడైనా పన్ను గీసుకున్నా సరే, పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి, దానికి టీకాలన్నీ వేయించామని వాళ్లు చెప్పినా ఆగొద్దు.